గర్భమాస గణనము – గృహస్థ ధర్మము

మానవజన్మము మిక్కిలి దుర్లభమైనదని శాస్త్రములన్నియు ఏకకంఠముతో చెప్పుచున్నవి. కాని ఆ జన్మమునకు ఆరంభమెప్పుడు అను ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పగలవారు అరుదు. శిశువు భూమిపై పడిన ఘడియను గడియారము చూచి వ్రాసికొనవచ్చును. దానినిబట్టి జాతకము కట్టించుకొనవచ్చును. ఆ జీవుడు తల్లిగర్భమున ప్రవేశించిన ఘడియ మాత్రము తల్లికిని తెలియదు, తండ్రికిని తెలియదు. సర్వాంతర్యామియైన శ్రీమన్నారాయణునకే అది ఎరుక. తెలియరాని ఆ ఘడియను ఊహించుటకు మానవుడు అనాదిగా లెక్కలు కట్టుచునే యున్నాడు. ఆ లెక్కలు ఎందులకు? వానిని ఎట్లు వినియోగింపవలెను? ఏ హద్దు దాటినచో అవి అధర్మమునకు దారితీయును? ఇది గృహస్థులు ఆలోచింపదగిన విషయము.

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, నాగపూరునకు పోవు 44వ జాతీయ రహదారిపై కొంపల్లి యున్నది. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమంతయు చేలతోను, ద్రాక్షతోటలతోను నిండిన పల్లెసీమ. నేడు కొంపల్లిలో ఎటుచూచినను బహుళ అంతస్తుల భవనములే. ఉద్యోగములకై వివిధ జిల్లాలనుండి వచ్చిన యువదంపతులు అందు కాపురముండుచున్నారు. పూర్వము పల్లెలో కోడలు నెల తప్పినదని తెలియగనే ఇంటి పెద్దామె పౌర్ణములను లెక్కించి, "దసరాకు ఐదవ నెల, సంక్రాంతికి ఎనిమిదవ నెల" అని చెప్పెడిది. ఆ లెక్కలో నాలుగు దినములు అటునిటైనను ఎవరికిని బాధ లేదు. నేడు ఆ పెద్దామె ఊరిలో నున్నది. దంపతులు నగరములో నున్నారు. వారి చేతిలో నున్నది స్కానింగు కాగితము. అందు వారములతోపాటు దినములు గూడ అచ్చుపడి యుండును. ఆ అంకెకు అర్థమేమో విడమరచి చెప్పువారు మాత్రము ఇంట లేరు.

ఇట్టి యింట కలుగదగిన చిక్కును ఒక ఉదాహరణముతో చూడవచ్చును. ఒక కన్యకు మే 1వ తేదీన బహిష్టు అయినది. మే 10వ తేదీన వివాహము జరిగినది. జూన్ 26వ తేదీన వైద్యులు పరీక్షించి, గర్భమునకు ఎనిమిది వారములని వ్రాసి యిచ్చిరి. వరుడు వ్రేళ్ళు మడచి లెక్కించెను. వివాహమై నలుబదియేడు దినములే. ఏడు వారములైనను నిండలేదు. గర్భమునకు ఎనిమిది వారము లెట్లు వచ్చినవి? ఈ ప్రశ్న అతని నోట వెలువడక, మనస్సులోనే యుండి విషబీజమువలె పెరుగవచ్చును. అత్తగారి చెవిని బడినచో ఆ యింట నిప్పు రాజుకొనవచ్చును. పాపమెరుగని యొక ఇల్లాలు, కేవలము లెక్క తెలియని కారణమున, కన్నీరు పెట్టుకొనవలసి వచ్చును.

నిజమేమనగా, వైద్యులు వ్రాసిన ఎనిమిది వారములు గర్భధారణ దినమునుండి లెక్కించినవి కావు. గర్భము నిలిచిన దినము ఎవరికిని తెలియదు గనుక, తెలిసిన దినమొక దానిని వైద్యశాస్త్రము ఆధారముగా గైకొన్నది. అదియే చివరి బహిష్టు మొదలైన దినము. ఇరువదియెనిమిది దినముల ఋతుచక్రము గల స్త్రీకి ఇంచుమించు పదునాలుగవ దినమున అండము విడుదల యగును. గర్భము నిలుచుట ఆ తరువాతనే. అనగా వైద్యుల లెక్కలో మొదటి రెండు వారములు గర్భమే లేని కాలము. పై ఉదాహరణములో గర్భధారణము మే 15వ తేదీ ప్రాంతమున, వివాహమైన అయిదవ దినమున జరిగినది. శిశుపిండమునకు అసలు వయస్సు ఆరు వారములు. వైద్యుల లెక్కకు ఎనిమిది. రెండును సత్యమే. ఆరంభస్థానములు మాత్రము వేరు. వరుడు చూచిన దోషము ఇల్లాలియందు లేదు. అతని లెక్కలో నున్నది.

ఈ రెండు లెక్కలను గమనించినచో పెద్దల మాటలలోని మరియొక చిక్కు గూడ విడిపోవును. "నవమాసములు మోసి కన్న తల్లి" అని లోకోక్తి. వేదమునందు మాత్రము శిశువు పదవ మాసమున వెలువడునట్లు ప్రార్థన కలదు. తొమ్మిదియా, పదియా? అమావాస్యనుండి అమావాస్యకు చాంద్రమాసము ఇంచుమించు ఇరువదితొమ్మిదిన్నర దినములు. అట్టి మాసములు తొమ్మిది కలిపినచో 266 దినములగును. గర్భధారణమునుండి కాన్పువరకు సామాన్యముగా పట్టు కాలము ఇదియే. ఇరువదియెనిమిది దినముల ఋతుచక్రములు పదింటిని కలిపినచో 280 దినములు. చివరి బహిష్టునుండి కాన్పువరకు వైద్యులు చెప్పు కాలము ఇదియే. గర్భము నిలిచిన దినమునుండి చూచినవారికి తొమ్మిది, ఋతువునుండి చూచినవారికి పది. రెండు మాటలకును విరోధము లేదు.

జర్మనీ దేశమున హైడెల్‌బర్గ్ నగరమునందు పందొమ్మిదవ శతాబ్దిలో నేగెలె అను ప్రసూతి వైద్యుడుండెను. చివరి బహిష్టు మొదటి దినమునకు తొమ్మిది నెలల ఏడు దినములు కలిపినచో కాన్పు దినము తెలియునను సూత్రము అతని పేరనే ప్రసిద్ధమైనది. నేటికిని ప్రపంచమంతటను ఆ సూత్రమే వాడుకలో నున్నది. పై ఉదాహరణములో ఆ సూత్రము ప్రకారము కాన్పు ఫిబ్రవరి 8వ తేదీ. 280 దినములు ఒక్కొక్కటిగా లెక్కించినచో ఫిబ్రవరి 5వ తేదీ. నెలలన్నిటికిని దినములు సమానముగా లేకపోవుటచే లెక్కలోనే మూడు దినముల భేదము వచ్చినది. ఇక స్త్రీలందరికిని ఋతుచక్రము ఇరువదియెనిమిది దినములుండదు. ముప్పదియైదు దినములకు బహిష్టగు స్త్రీకి గర్భధారణము ఒక వారము ఆలస్యముగా జరుగును. పాలిచ్చు తల్లి, మరల బహిష్టు కాకమునుపే గర్భము ధరింపవచ్చును. ఆమెకు లెక్కించుటకు మొదటి దినమే యుండదు. గర్భము నిలిచిన పిదప కొందరికి కొద్దిగా రక్తము కనబడును. దానిని బహిష్టుగా భావించినచో లెక్క ఒక నెల తప్పును. అన్నియు సరిగా నున్నను, బిడ్డలందరు ఒకే గడువునకు పుట్టరు. అండము విడుదలైన దినమును పరీక్షలచే గుర్తించి అమెరికాలో జరిపిన పరిశోధన ఒకటి 2013లో వెలువడినది. అందు నెలలు నిండకుండ పుట్టినవారిని విడిచి చూచినను, గర్భకాలము స్త్రీకిని స్త్రీకిని అయిదు వారములకు పైగా భేదించినది. కావున వైద్యులు వ్రాసి యిచ్చునది అంచనా తేదీయే గాని విధి వ్రాసిన ముహూర్తము కాదు.

శ్రీమద్భాగవతమున తృతీయస్కంధమునందు కపిలభగవానుడు తన తల్లియైన దేవహూతికి గర్భస్థ శిశువు పెరుగుదలను ఉపదేశించెను. ఒక రాత్రికి కలలము, ఐదు రాత్రులకు బుద్బుదము, పది దినములకు రేగుపండువంటి రూపము కలుగునని చెప్పి, మొదటి నెలకు శిరస్సు, రెండవ నెలకు కరచరణములు, మూడవ నెలకు గోళ్ళు, రోమములు, ఎముకలు, చర్మము ఏర్పడునని ఆ స్వామి వివరించెను. నాల్గవ నెలకు సప్తధాతువులు, అయిదవ నెలకు ఆకలిదప్పులు కలుగును. ఏడవ నెలకు జ్ఞానము కలిగి జీవుడు భగవంతుని ప్రార్థించును. బమ్మెర పోతనామాత్యుని భాగవతము ద్వారా ఈ విషయము తెలుగువారి ఇండ్లలో చిరకాలముగా పరిచితమే.

ఇందొక విశేషము గమనింపదగియున్నది. కపిలభగవానుని లెక్క గర్భధారణ రాత్రినుండియే మొదలగును. మానవులకు తెలియరాని ఆ రాత్రి సర్వజ్ఞుడైన ఆ స్వామికి తెలియును గనుక ఆ లెక్క ఆయనకు తగియున్నది. వైద్యులది అల్పజ్ఞులైన మానవుల లెక్క. తెలిసిన దినమును పట్టుకొని తెలియని దినమును ఊహించుట దాని పని. ఇట్టి మానవగణనమును సర్వజ్ఞుని సాక్ష్యముగా భావించి ఒకరి శీలమును తూచబూనుట అజ్ఞానము. కపిలదేవుడు ఈ క్రమమును తల్లికి చెప్పినది ఎవరినో విచారించి శిక్షించుటకు కాదు. జీవుడు పడు వేదనను, అతనిని కాపాడు భగవంతుని కరుణను తెలుపుటకే.

గృహ్యసూత్రములును నెలలను లెక్కింపుమనియే చెప్పినవి. పుంసవనము మూడవ నెలయందును, సీమంతము ఆయా సూత్రములనుబట్టి నాలుగు, ఆరు, ఎనిమిదవ నెలలయందును చేయుట ఆచారము. వైఖానసులకు ఎనిమిదవ నెలయందు విష్ణుబలి అను సంస్కారము కలదు. తల్లిగర్భమున నున్నప్పుడే శిశువు శ్రీమహావిష్ణువునకు సమర్పితుడగుటచే వారికి గర్భవైష్ణవులని పేరు వచ్చినది. ఈ సంస్కారములన్నిటికిని నెల తెలియవలెను. కాని వానికి దినము, ఘడియ తేల్చి చెప్పనక్కరలేదు. నెల తెలిసిన చాలును. ఆ లెక్కకు ప్రయోజనము తల్లికి క్షేమము, బిడ్డకు శుభము. అంతకు మించి దానిని లాగుటకు పెద్దలు పూనుకొనలేదు.

నేటి వైద్యమునందును లెక్కకు ప్రయోజనము ఇదియే. ప్రభుత్వమువారు గర్భిణులకిచ్చు కార్డుపై చివరి బహిష్టు తేదీని, కాన్పు అంచనా తేదీని వ్రాయుటకు గడులున్నవి. ఆ కార్డునకు మాతాశిశు రక్షణ కార్డు అని పేరు. రక్షణ యను ఆ మాటలోనే గణనము యొక్క ధర్మమంతయు ఇమిడియున్నది. ఏ వారమున ఏ పరీక్ష చేయవలెను, బిడ్డ తగినంతగా పెరుగుచున్నదా, నొప్పులు ముందుగా వచ్చినచో బిడ్డ బ్రతికి బట్టకట్టుటకు ఏమి చేయవలెను అను విషయములన్నియు ఆ తేదీపైననే ఆధారపడియుండును.

కొంపల్లికి ఆవలనున్న మేడ్చల్ మండలములోనే ఈ విషయమున శ్రద్ధతో జరిగిన కార్యమొకటి కలదు. ఘన్‌పూర్‌లోని మెడిసిటీ వైద్యసంస్థ ప్రాంగణమున పనిచేయు షేర్ ఇండియా సంస్థవారు, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ సహకారముతో, 2009నుండి 2011వరకు ఆ మండల గ్రామములలోని 1,227 మంది స్త్రీలను ఒక దీర్ఘకాల పరిశీలనమున చేర్చుకొనిరి. వారి వయస్సు పదునైదు మొదలు ముప్పదియైదు సంవత్సరములలోపు. గర్భము ధరింపకమునుపే గాని, పదునాలుగు వారములలోపున గాని వారిని చేర్చుకొనుట ఇందలి విశేషము. తల్లి ఎట్టి పరిసరములలో గర్భము దాల్చి, మోసి, కన్నదో, దాని ఫలము తల్లిబిడ్డల ఆరోగ్యముపై ఉత్తరోత్తర ఎట్లుండునో తెలిసికొనుట వారి ఉద్దేశము. కాలమును లెక్కించుట తల్లికిని బిడ్డకును మేలు కలిగించుటకే యనుటకు ఇది దగ్గరనే యున్న నిదర్శనము.

ముందుగా లెక్కించుటలో మరియొక ప్రయోజనము కలదు. గర్భస్థ శిశువును శిరస్సునుండి పిరుదులవరకు స్కానింగు యంత్రముతో కొలిచి వయస్సు నిర్ణయించు పద్ధతిని 1973లో గ్లాస్గో నగరమున రాబిన్‌సన్ అను వైద్యుడు ప్రకటించెను. తొలి మూడు మాసములలో బిడ్డలందరు ఇంచుమించు ఒకే విధముగా పెరుగుదురు. అందుచే అప్పటి కొలత ఒక వారమునకు మించి తప్పదు. తరువాత తల్లి ఆహారము, ఆరోగ్యము, వంశలక్షణములనుబట్టి ఒక బిడ్డ పెద్దదిగాను, ఒక బిడ్డ చిన్నదిగాను పెరుగును. చివరి మాసములలో కొలత మూడు వారములు అటునిటు కావచ్చును. కావుననే మొదటి స్కానింగుతో స్థిరపరచిన తేదీని తరువాతి కాగితములనుబట్టి మార్చరు. తొమ్మిదవ నెలలోని కాగితమున వేరొక తేదీ కనబడినంతమాత్రమున కంగారుపడనక్కరలేదు. మునుపటి తేదీని శంకింపనక్కరలేదు. ఇక ఆ యంత్రమును వయస్సడుగుటకు బదులు ఆడపిల్లయా, మగపిల్లవాడా అని అడుగుట 1994నాటి చట్టము ప్రకారము నేరము. ధర్మము ప్రకారము పాపము.

లెక్క తెలియక పుట్టిన శంక లెక్క తెలిసిన పిదప తొలగును. ఒకవేళ లెక్క చెప్పిన పిదపను ఒకని మనస్సున శంక తీరనిచో ఏమి చేయవలెను? ధర్మమునకు అసలైన పరీక్ష ఇక్కడనే. నాలుగైదు దినముల భేదమును స్కానింగు తేల్చిచెప్పజాలదు. స్త్రీపురుషుల కలయిక జరిగిన దినమే గర్భధారణ దినమని చెప్పుటకును వీలులేదు. పురుషబీజము అయిదు దినములవరకు జీవించియుండగలదు. ఆధారము ఇంత సడలినదై యుండగా, తనను నమ్మి వచ్చిన ఇల్లాలి మాటను త్రోసిపుచ్చి కాగితమును నమ్ముట న్యాయము కాదు. లోకాపవాదమను మాటకు గర్భవతియైన సీతాసాధ్వి అడవుల పాలైన కథను వినునప్పుడు కన్నీరు పెట్టని తెలుగు ఇల్లు లేదు. ఆ కథకు కన్నీరు కార్చి, తన యింటి కోడలిని మాటలతో పొడుచువాడు రామాయణము విన్నను విననివాడే.

ప్రహ్లాదుని తల్లి కథ ఈ సందర్భమున స్మరింపదగినది. హిరణ్యకశిపుడు తపస్సునకు పోయినప్పుడు ఇంద్రుడు గర్భవతియైన కయాధువును బలిమితో కొనిపోవుచుండెను. బిడ్డ పుట్టగనే చంపి, తల్లిని విడువవలెనని అతని సంకల్పము. శత్రువు బిడ్డ గనుక తన పని న్యాయమేయని అతడు తలచెను. నారదమహర్షి అడ్డగించి, గర్భమునందున్న బిడ్డ నిర్దోషియనియు, మహాభాగవతుడనియు చెప్పి విడిపించెను. కయాధువును తన ఆశ్రమమునకు కొనిపోయి, కన్నకూతురివలె చూచుకొనెను. గర్భస్థ శిశువు ఎవరి బిడ్డయను విచారము ఇంద్రునిది. ఎవరి బిడ్డయైనను కాపాడదగినదేయను నిశ్చయము నారదునిది. శంకతో వేగు గృహస్థుడు ఈ ఇరువురిలో ఎవరి మార్గమును అనుసరింపవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

గణనమును నిందకు వాడుట యొక దోషమైనచో, తొందరకు వాడుట రెండవ దోషము. మంచి నక్షత్రము, మంచి లగ్నము చూచి, ఆ ఘడియకే శస్త్రచికిత్సతో బిడ్డను తీయింపవలెనని కోరుట కొన్ని యిండ్లలో పరిపాటియైనది. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి అరువదికి పైగా కాన్పులు సిజేరియన్‌లే. ఇవన్నియు ముహూర్తము కొరకు జరిగినవి కావు. తల్లికో బిడ్డకో అపాయము కలుగునప్పుడు ఆ శస్త్రచికిత్స ప్రాణదానమే. కాని అవసరము లేకున్నను, ముప్పదితొమ్మిది వారములు నిండకయే, మంచి దినము ముందున్నదని తొందరపడుట తగదు. అంచనా తేదీలో ఒక వారము తప్పున్నచో, ముప్పదియెనిమిది వారములనుకొన్న బిడ్డకు నిజముగా ముప్పదియేడే కావచ్చును. చివరి వారములలోనే ఊపిరితిత్తులు, మెదడు పరిపక్వమగును. తొందరపడి తెచ్చిన బిడ్డకు ఊపిరాడుట, పాలు కుడుచుట కష్టము కావచ్చును. గ్రహములు ఉచ్చస్థానముల నుండగా బిడ్డ గాజుపెట్టెలో నుండుట ఏమి శుభము? శస్త్రచికిత్స తప్పనిసరియై, వారములు నిండి, వైద్యులు సమ్మతించిన దినమున మంచి ఘడియ చూచుకొనుటలో తప్పులేదు. బిడ్డ పక్వమే మొదటి ముహూర్తము. పంచాంగము దాని వెనుకనే రావలెను.

కయాధువు గూడ ప్రసవకాలమును కోరుకొన్నదనియే భాగవతము చెప్పుచున్నది. కాని ఆమె కోరిక త్వరపడుటకు కాదు. తన గర్భమునకు క్షేమము కలుగవలెనని, తాను ఇచ్చవచ్చినప్పుడు ప్రసవింపవలెనని కోరి, ఆమె ఆశ్రమమున వేచియుండెను. ఆ కోరికయందు మొదటిది బిడ్డ క్షేమమే. కాలమును కోరుకొను తల్లిదండ్రులకు ఆమెయే ఆదర్శము.

కావున గృహస్థులు చేయవలసినది స్వల్పమే. బహిష్టు మొదలైన తేదీని ఇల్లాలు గుర్తుంచుకొనుట, నెల తప్పిన వెంటనే వైద్యులను చూచుట, మొదటి మూడు మాసములలోనే స్కానింగు చేయించుకొనుట, ఆ తేదీని పదిలపరచుకొనుట. కాగితమున వ్రాసిన వారములు బహిష్టునుండి లెక్కించినవని భర్తయు, అత్తమామలును తెలిసికొనుట. తెలియనిచో వైద్యుని అడుగవలెనే గాని, ఇల్లాలిని నిలదీయరాదు. కొంపల్లివంటి క్రొత్త ఊళ్ళలో, పెద్దలు దగ్గర లేని యిండ్లలో, ఈ మాట ఒకరికొకరు చెప్పుకొనుట గూడ పుణ్యకార్యమే.

ఉత్తరాదేవి గర్భమున నున్న శిశువును అశ్వత్థామ అస్త్రము దహింపబోయినప్పుడు శ్రీకృష్ణపరమాత్మ లోపల ప్రవేశించి కాపాడెను. ఆ శిశువు పుట్టిన పిదప, కనబడిన ప్రతివానిని చూచి, గర్భమునందు తనను కాపాడినవాడు ఇతడేనా యని పరీక్షించెనట. అందుచేతనే అతనికి పరీక్షిత్తు అను పేరు వచ్చినది. గర్భస్థ శిశువును పరీక్షించువారు లోకమున పెక్కుమంది గలరు. కాని పుట్టిన ప్రతి శిశువును తల్లి యొడినుండి కన్నులు తెరచి తన చుట్టునున్నవారిని అట్లే చూచుచున్నది: తనను, తన తల్లిని కాపాడినవారెవరు? ఆ చూపునకు తలవంచుకొననక్కరలేనివాడే గృహస్థుడు. శ్రీమన్నారాయణుడు గర్భస్థ శిశువులను, వారిని మోయు తల్లులను చల్లగా కాపాడుగాక!